లోతు రిమ్ములు, పొట్టి వాల్వులు

మా సైక్లింగ్ గ్రూపులో ఆదివారం రైడ్‌కు కెప్టెన్ గారు పెట్టే మెసేజ్ ఎప్పుడూ ఒకటే: 'రేసు కాదు, సరదాగా వెళ్దాం. ఎవర్నీ వెనక వదిలేయం.' అది చూడగానే అందరూ చెయిన్‌కు ఆయిల్ వేసుకుని, శనివారం రాత్రి తొమ్మిదికే పడుకుంటారు. సరదా అంటే మాకు అంత సీరియస్.

ఈసారి అనంతగిరి ఘాట్. వైజాగ్ నుంచి సైకిళ్లు వ్యాన్‌లో వేసుకుని తెల్లారేసరికి ఎస్.కోట చేరి, అక్కడ టిఫిన్ చేసి తొక్కడం మొదలుపెట్టాం. బొడ్డవర దాటాక రోడ్డు కొండెక్కుతుంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా ఈ కొండల్లోంచే పాక్కుంటూ పోయి శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ లైన్లో గూడ్సుకు రెండు మూడు ఇంజన్లు తగిలిస్తారు. మాకున్నవి ఎస్.కోట ఇడ్లీలే.

మాలో అందరికంటే ఖరీదైన సైకిల్ బ్యాంకు మేనేజర్ గారిది. కార్బన్ ఫ్రేము. ఒంటి చేత్తో లేపొచ్చు. కొత్తగా వచ్చినవాళ్ల చేత ఆయన లేపిస్తారు కూడా. ఈ మధ్యే చక్రాలు మార్పించారు. కొత్త రిమ్ములు నాలుగు వేళ్ల లోతున్నాయి. గాలిని చీల్చుకుంటూ పోతాయట. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అవి పనికొస్తాయేమో. ఘాట్‌లో మా వేగానికి గాలి చీలడం అటుంచి, ముఖం మీద వాలిన ఈగ కూడా లేవదు.

పైగా ఆ రోజు బరువు తగ్గించాలని సీటు కింది సంచీ కూడా పీకేసి వచ్చారు. అందులో ఉండేవి స్పేర్ ట్యూబు, చిన్న పంపు, టైరు విప్పే పుల్లలు. అన్నీ కలిపి అరకేజీ ఉండవు. టిఫిన్ దగ్గర మాత్రం ఇడ్లీ మీద పూరీ, పూరీ మీద పెసరట్టు పడ్డాయి.

కాశీపట్నం దాటిన కాసేపటికి ఆయన వెనక చక్రం బుస్సుమంది.

"అయ్యో సార్!" అంటూ అందరం రోడ్డు పక్కన చతికిలబడ్డాం. ఆయాసం తీర్చుకోవడానికి పరువు పోని కారణం ఒకటి దొరికింది మరి. డాక్టరు గారు తన స్పేర్ ట్యూబు తీసిచ్చారు. ఎక్కించి చూస్తే వాల్వు బయటికి రాలేదు. లోతు రిమ్ముకు పొడుగు వాల్వున్న ట్యూబు కావాలి. మా అందరి దగ్గరా ఉన్నవి పొట్టివే. రంధ్రంలోకి తొంగి చూస్తే, నూతిలో పడ్డ చెంబులా లోపలెక్కడో మెరుస్తోంది. పంపుకు అందదు.

ఇక కాశీపట్నంలో పంక్చర్ షాపే గతి. ఎవర్నీ వదలం అన్నాం కాబట్టి, చెమటోడ్చి ఎక్కిన ఎత్తంతా అందరం దిగాం. మేనేజర్ గారు సైకిల్ భుజాన వేసుకుని నడిచారు. తేలిక సైకిల్ లాభమేమిటో ఆ రోజే చూశాను.

షాపతను పాత ట్యూబు నీళ్లలో ముంచి, బుడగలు చూసి, చిటికెలో ప్యాచ్ వేశాడు. తర్వాత వాల్వు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంత సన్నమేటి బాబూ? గాలెక్కడ కొట్టాల?"

అతని కంప్రెసర్ మోటారు సైకిళ్లది, దీనికి పట్టదు. మా సాఫ్ట్‌వేర్ కుర్రాడి దగ్గర జేబులో పట్టే పంపుంది. ఆ టైరుకు ఎనభై పీఎస్‌ఐ కావాలి. వంతులు వేసుకుని కొట్టాం. డాక్టరు గారు మధ్యమధ్య తన నాడి చూసుకుంటూ కొట్టారు. చివరికి టైరు రాయిలా అయింది. కుర్రాడు పంపు గొట్టం మర తిప్పి తీశాడు. గొట్టంతో పాటు వాల్వు లోపలి ముక్క కూడా ఊడొచ్చింది. మా అందరి కష్టం ఒక్క ఊపులో బయటికి పోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఈసారి ఊడకుండా బిగిస్తానుండండి" అని షాపతను ఆ ముక్కను కటింగ్ ప్లేయర్‌తో పట్టుకున్నాడు. చిటుక్కున విరిగింది.

కూరగాయలు దింపి ఖాళీగా అరకు వైపు పోతున్న ట్రాలీ ఆటోను ఆపి, మేనేజర్ గారిని, సైకిల్‌ను అందులో ఎక్కించాం. మేం మళ్లీ మొదట్నుంచి తొక్కుకుంటూ బయల్దేరాం. దముకు వ్యూ పాయింట్ దగ్గర అందరూ లోయ చూశారు. నేను నీళ్ల సీసా అడుగు చూశాను.

అనంతగిరి చేరేసరికి ఆయన నల్ల కళ్లద్దాలతో కూర్చుని బొంగు చికెన్ తింటున్నారు. మమ్మల్ని చూసి మొహమాటంగా ఫోన్ చూపించారు. ఏ దారిని ఎవరు ఎంతసేపట్లో తొక్కారో లెక్కగట్టే సైక్లింగ్ యాప్ ఆపడం మరిచిపోయారట. ఘాట్ ఎక్కడంలో ఇప్పటివరకూ ఆయనే ఫస్టని తెరమీద కిరీటం వెలుగుతోంది. దాని కింద అమెరికా నుంచి బావమరిది కామెంటు: "బావా, ఈ వయసులో ఇదేం స్టామినా!" ఆయన జవాబు కూడా ఇచ్చేశారు: "అంతా మీ అక్క రాగిజావ మహిమ."

కెప్టెన్ గారి ముఖం మాడిపోయింది. "అది వెంటనే డిలీట్ చేయండి సార్" అన్నారు హెల్మెట్ కూడా తీయకుండా. అంతవరకూ ఆ కిరీటం ఆయనదేనని అప్పుడు బయటపడింది.

బాడుగ డబ్బుల కోసం పక్కనే నిలబడ్డ ట్రాలీ డ్రైవరు ఫోన్‌లోకి తొంగి చూశాడు. "అంత టైమ్ పట్టిందేటి?" అని నొచ్చుకున్నాడు. "మధ్యలో టీకి ఆగాం కదా బాబూ, లేకపోతే ఇంకా ముందే వచ్చేద్దుము."