ముహూర్తానికి సముద్రం

హైదరాబాద్‌కి సముద్రం లేదన్న లోటు ఈనాటిది కాదు. కుతుబ్‌షాహీల కాలంలోనే ఒక చెరువు కట్టి, దానికి సాగరమని పేరు పెట్టి ఆ ముచ్చట తీర్చుకున్నాం. ఇప్పుడా ముచ్చట లిఫ్టెక్కి కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తుకి చేరింది. ఆదివారం తెల్లవారుజామున గృహప్రవేశం. గురువారం నాడు ఇంటీరియర్ డిజైనర్‌కి హాల్లో ఆరడుగుల గోడ ఖాళీగా కనిపించింది. "సార్, ఇక్కడ కోరల్ రీఫ్ పెట్టేద్దాం. ముహూర్తానికి రెడీ." అంటే బతికున్న పగడపు దిబ్బతో ఉప్పునీటి చేపల తొట్టె. కొటేషన్‌లో ఫాల్స్ సీలింగ్, పూజగది తలుపుకి గంటలు, వాటి కింద సముద్రం. జీఎస్టీ అదనం.

"ముహూర్తానికి రెడీ" అన్న మాటని మనం భక్తిశ్రద్ధలతో పరిశీలించాలి. ఉప్పునీటి తొట్టెలో ముందు పెరగాల్సింది చేప కాదు, బ్యాక్టీరియా. చేప వదిలే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఈ రెండు కుటుంబాలూ రాళ్ల సందుల్లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అందాకా చేపల్లేని తొట్టెలో అమ్మోనియం క్లోరైడ్ 2 పీపీఎం లెక్కన వేసి, ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగుతున్నాయా అని టెస్ట్ కిట్ రంగులు చూసుకుంటూ కూర్చోవాలి. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. ఆ పీహెచ్‌లో అమ్మోనియా విషం ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. సీసా బ్యాక్టీరియా పోస్తే కొన్ని రోజులు కలిసొస్తాయి. మూడు రోజుల్లో మాత్రం పని కాదు. శుభలేఖ ఆలస్యంగా అందిన చుట్టంలాగా బ్యాక్టీరియా ముహూర్తానికి రాలేకపోయింది.

తర్వాత వాస్తు. నీళ్లన్నాక ఈశాన్యం. కానీ ఈశాన్యంలో బరువు కూడదు. నాలుగొందల లీటర్ల నీళ్లు, అద్దం, రాళ్లు, స్టాండ్ కలిపితే అర టన్ను పైమాటే. పోనీ పగడం సంగతి చూద్దామంటే అది కుజుడిది, కుజుడిది దక్షిణం. చివరికి రాజీమార్గంగా తూర్పు కిటికీ పక్కన నిలబెట్టారు. పొద్దుటెండ నేరుగా అద్దం మీద పడి నాచుకి పండగ. 26 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నీళ్లు ఏప్రిల్లో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకపోతే 30 దాటేస్తాయి. ఉంగరంలో ఉన్నది పగడపు జీవి వదిలిపోయిన అస్థిపంజరం. తొట్టెలో ఉన్నది ప్రాణమున్న జంతువు. దాని ఒంట్లో కంటికానని శైవలాలు కాపురముండి, ఎండని తిండిగా వండిపెడతాయి. నీళ్లు వేడెక్కితే ఆ కాపురం చెడి పగడం నిజంగానే తెల్లబోతుంది. వాస్తు సిద్ధాంతి గారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఉప్పు కోసం మనిషిని కిరాణాకి పంపితే దొడ్డు ఉప్పు బస్తా మోసుకొచ్చాడు. "సముద్రం నుంచి వచ్చిందే కదా సార్." ఎదురు చెప్పలేని తర్కం. కాకపోతే ఉప్పుమడిలో సున్నపు లవణాలు ముందే అడుగున పేరుకుపోతాయి, మెగ్నీషియం చివర్లో మిగిలే చేదునీళ్లతో బయటికి పోతుంది. మధ్యలో గట్టిపడ్డ సోడియం క్లోరైడే పప్పులోకి వస్తుంది. రీఫ్‌కి లీటరుకి 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. అందుకే రీఫ్ సాల్ట్ అని విడిగా అమ్ముతారు. నాలుగొందల లీటర్లకి దాదాపు 15 కిలోలు పడుతుంది, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 కనిపించాలి. నీళ్లేమో వంటింటి ఆర్‌ఓ నుంచి పట్టారు. ఆ మిషన్‌లో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక మర ఉంటుంది. రుచి కోసం కాస్త బోరు నీళ్లని మళ్లీ కలిపేది అదే. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలంటే ఆ మర కట్టేసి, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపాలి. ఎవరికుంది అంత తీరిక? పందిరి వాళ్లొచ్చి కింద కూర్చున్నారు.

ఇక ఆదివారం. చేపలు శనివారం రాత్రే సంచుల్లో దిగాయి. రెండు క్లౌన్ ఫిష్, ఒక నీలం టాంగ్, ఒక మాండరిన్. టాంగ్ అడుగు పొడుగు పెరిగే చేప. మాండరిన్ తినేది రాళ్ల మీద పాకే సూక్ష్మ క్రిముల్ని. నిన్న పుట్టిన తొట్టెలో అవి ఉండవు, అంటే దానికి ఏకాదశి ఆ రాత్రే మొదలైంది. పంతులుగారు కలశంలోకి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరిని ఆవాహన చేశారు. ఏడూ మంచినీళ్లే. మామిడాకుతో ఇల్లంతా చల్లుతూ వచ్చి తొట్టెలోనూ నాలుగు చుక్కలు వేశారు. ఏడు నదులూ వచ్చి కలిసినా చలించనిది సముద్రం, ఆమాత్రానికి భయం లేదు. భయమల్లా వెనకే వస్తున్న మేనత్తతో. రాజమండ్రి వంతెన మీద రైలు పోతుంటే కిటికీలోంచి బిళ్ల వెయ్యకుండా ఆవిడ ఏనాడూ గోదావరి దాటలేదు. నీళ్లు కనిపించాయి, చెయ్యి కొంగుముడి దగ్గరికి పోయింది. పసుపురంగు ఐదు రూపాయల బిళ్ల, టపుక్కున. అందులో ఎక్కువ పాలు రాగి. రొయ్యకీ నత్తకీ పగడానికీ రాగి ప్రాణాంతకం. చేపకి తెల్లమచ్చల జబ్బొచ్చినా రాగిమందు వెయ్యాల్సింది విడి తొట్టెలోనే. అత్తని చూసి పిన్ని, పిన్నిని చూసి ఎదురు ఫ్లాటు వాళ్లు. పదిన్నర కల్లా ఇసుక మీద నూట పదహార్లు పోగయ్యాయి. చిన్న మేనల్లుడు "పాపం దానికీ ఆకలేస్తది కదా" అని ప్రసాదం గుప్పెడు వేశాడు. రవ్వ కిందికి, నెయ్యి పైకి. నూనెపదును తగిలితే ప్రొటీన్ స్కిమ్మర్‌లో నురగ చచ్చుబడుతుంది. ఆ నురగతోపాటే బయటికి పోవాల్సిన మురికి నీళ్లలోనే ఉండిపోతుంది. అప్పుడు పెద్దనాన్న వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు.

"ఏరా, ఇవి పులుసుకి పనికొస్తాయా?"

"రావు పెద్దనాన్నా."

"మరెందుకురా?"

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

మనశ్శాంతికి అని డిజైనర్ జవాబు. నిజంగా రీఫ్ పెంచేవాళ్లకి మనశ్శాంతి ఎక్కడిది! ఆదివారం పొద్దున్నే సిరంజితో చుక్కలు లెక్కపెడుతుంటారు, ఆల్కలినిటీ, అంటే పగడం గూడు కట్టుకోవడానికి వాడుకునే కార్బనేట్ల కొలత, ఎనిమిదిన్నర డీకేహెచ్ ఉందా లేదా అని. రోజుకి నాలుగు లీటర్లు ఆవిరైతే నాలుగు లీటర్లూ మంచినీళ్లే పోస్తారు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. కరెంటు పోయినప్పుడు పైతొట్టె నుంచి వెనక్కి జారే నీళ్లకి స్టాండ్ కింద ఉండే రెండో తొట్టెలో, అంటే సంప్‌లో, చోటు ఖాళీగా ఉంచుతారు. సంప్ నుంచి నీళ్లని పైకి పంపే రిటర్న్ పైపుకి నీటిమట్టానికి కాస్త కిందగా బెజ్జం పెడతారు, గాలి చొరబడి సైఫన్ తెగేలా. లేకపోతే కింది ఫ్లాటాయన సీలింగ్‌కి తీర్థం. దోమల మందు పొగబండి వీధిలోకి వస్తుంటే పరిగెత్తి కిటికీలు మూస్తారు.

ఇంత చాకిరీకి వాళ్లకి ముట్టే ప్రతిఫలం ఏమిటయ్యా అంటే, ఏ మూడో నెలలోనో పంపు మీద కందిగింజంత ఊదారంగు మచ్చ. కోరలైన్ అనే సున్నపు నాచు. దాని కోసం ఇంటిల్లిపాదినీ నిద్రలేపుతారు. ఆల్కలినిటీ రెండు రోజుల్లో 0.3 తగ్గితే, ఎవరో దాన్ని తీసుకుని గూడు కట్టుకుంటున్నారని మురిసిపోతారు. ఇసుకలో ఒక పిస్టల్ రొయ్య ఉంటుంది, చూపు అంతంతమాత్రం. రెండు చేతులా ఇసుక తోసుకుంటూ బొరియ తవ్వుతుంది. గుమ్మంలో గోబీ చేప కాపలా. రొయ్య బయటికొచ్చినంత సేపూ దాని మీసం ఒకటి చేప ఒంటి మీదే ఉంటుంది. చేప తోక ఒక్కసారి అల్లల్లాడిందా, రొయ్య లోపల. దాన్ని చూస్తూ గంటసేపు కూర్చోగలిగినవాడికే ఈ పని. పది నిమిషాల్లో కొత్తిమీర తెప్పించుకునే ఊళ్లో ఎంత డబ్బిచ్చినా ముందుకి జరగని పని ఇదొక్కటి మిగిలింది, అదే వాళ్లకి రుచి.

మంగళవారానికి టాంగ్ నీటిపైకొచ్చి నోరు తెరుచుకుంటుంది. బుధవారం తేలుతుంది. డిజైనర్‌కి ఫోన్ చేస్తే "స్ట్రెస్ సార్, రీప్లేస్‌మెంట్ పంపిస్తా" అంటాడు. స్ట్రెస్ కాదు. దాని మొప్పల్ని అమ్మోనియా కాల్చేసింది, అలా కాలుస్తుందని అమ్మినవాడికి తెలుసు. తెలిసే అమ్మాడు. క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పెంచొచ్చు, ఆ విద్య మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లే నేర్పారు. టాంగ్ అలా కాదు, దాదాపు ఎప్పుడూ సముద్రంలో పట్టిందే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బల్లో చేప మత్తెక్కడానికి సైనైడ్ చిమ్మి పట్టిన చరిత్ర ఉంది, చేప బతికినా చుట్టూ ఉన్న పగడం చస్తుంది. ఇక తొట్టెలో పేర్చిన ఆ "లైవ్ రాక్", అంటే సముద్రంలోంచి ప్రాణులతో సహా తీసిన పగడపు రాయి, ఎక్కడిది? అడిగారా? దిబ్బ కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, పులి పక్కన. మన్నార్ సింధుశాఖలో గునపంతో పెళ్లగించిన రాయిని మీ హాల్లో పెట్టి స్పాట్ లైట్ వెయ్యడం, పులితోలు పరుచుకుని కూర్చోవడం, రెండింటికీ తేడా ఏమిటి? సిరామిక్ రాయి దొరుకుతుంది. దాని మీదా బ్యాక్టీరియా చక్కగా పెరుగుతుంది. ఆరు వారాలు ఆగాలి, అంతే. ఆరు వారాలు ఆగలేనివాడికి ప్రాణమున్నదాన్ని ఎందుకు అమ్ముతారయ్యా!

మూడో వారానికి ప్రకటన వస్తుంది: మెరైన్ సెటప్, కొత్తది, చేపలు లేవు, సగం ధర. సందు చివర కాచుక్కూర్చున్న రీఫ్ వాళ్లు సాయంత్రానికి ట్రాలీ ఆటో తెస్తారు. ఈ ఊళ్లో మంచి స్కిమ్మర్లు, చిల్లర్లు చాలావరకు ఇలా చేతులు మారినవే. ఇంటికి తెచ్చాక ఒకటికి ఒకటి వెనిగర్, నీళ్లు కలిపి పంపులు, స్కిమ్మర్ రాత్రంతా నానబెట్టాలి, సున్నం వదిలిపోతుంది. చిల్లర్ మూతమీద గంధం, కుంకుమ బొట్టు మాత్రం వదలదు.