వెరోనాది లాటరీ టైటిలా?

1984-85లో ఇటలీ టాప్ ఫుట్‌బాల్ లీగ్ సిరీ ఆ టైటిల్ వెరోనా క్లబ్‌కి రావడానికి కారణం, ఆ ఏడాది ఏ మ్యాచ్‌కి ఏ రిఫరీ అన్నది ఎవరూ ఎంచకుండా లాటరీలో తేల్చడమేనని మీ వ్యాసంలో తేల్చేశారు, అది సగం మాటే. లాటరీ పెట్టింది నిజం, మరుసటి సీజన్‌కే ఎత్తేశారన్నదీ నిజం, అనుమానం రావడం సహజమే. కానీ 30 మ్యాచ్‌ల్లో రెండే రెండు ఓడి, 19 గోల్స్ మాత్రమే ఇచ్చిన టీమ్‌ని రిఫరీ గెలిపించాడంటే ఎలా అండీ?

మొదటి మ్యాచే చూడండి. నాపోలి క్లబ్‌కి కొత్తగా వచ్చిన మరడోనా మీద ఇటలీ అంతా కళ్లు పెట్టుకుని ఉంటే వెరోనా ఆటగాడు బ్రీగెల్ అతన్ని వదలకుండా కాపు కాశాడు, పైగా తనూ ఒక గోల్ కొట్టాడు, వెరోనా 3-1తో గెలిచింది. అక్టోబర్‌లో ఫ్రెంచ్ స్టార్ ప్లాటిని ఉన్న యువెంటస్ మీద వెరోనా ఫార్వర్డ్ ఎల్కెయర్ ఒక బూటు ఊడిపోయినా ఆగకుండా పరిగెత్తి సాక్సుతోనే గోల్ వేశాడు. దానికి ఏ లాటరీ కావాలి?

అసలు మెచ్చుకోవాల్సింది కోచ్ బాన్యోలిని. పెద్ద క్లబ్‌లు అక్కర్లేదనుకున్న వాళ్లని కూడా చేరదీసి, ఎవరిని ఎక్కడ ఆడించాలో అక్కడ ఆడించాడు. గోల్‌కీపర్ గారెల్లా అయితే చేతులతో కంటే కాళ్లతోనే ఎక్కువ ఆపాడేమో అనిపిస్తుంది (నాకు భలే ఇష్టం ఆయన).

మే 12న బెర్గామోలో అటలాంటాతో 1-1 డ్రా చేసుకుని టైటిల్ ఖాయం చేసుకున్నారు, రెండో స్థానంలో టొరినో. ఉడినేసేతో వెరోనా 3-0 ఆధిక్యం 3-3 అయిపోయి, చివరికి 5-3తో గెలిచిన మ్యాచ్ గురించి మీ వ్యాసంలో ఒక్క లైనూ లేదు, అదెలా వదిలేశారు?