తేల్చరా ఈ కేసును?

అగస్టా వెస్ట్‌లాండ్ హెలికాప్టర్ల కొనుగోలులో ముడుపుల కేసులో దళారీగా అభియోగం ఎదుర్కొంటున్న క్రిస్టియన్ మిషెల్‌కు సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 18న బెయిలు మంజూరు చేసింది. 2018 డిసెంబరులో దుబాయ్ నుంచి రప్పించిన నిందితుణ్ని ఆరేళ్లకు పైగా జైల్లో ఉంచి, ఇప్పటికీ కేసును ఒక కొలిక్కి తేలేకపోయిన సీబీఐ తీరు విస్మయపరుస్తోంది. మిషెల్ సంగతి అలా ఉంచితే, ఇదే కేసులో నిందితుడైన వాయుసేన మాజీ అధిపతి ఎస్.పి. త్యాగి వ్యవహారం మమ్మల్ని మరింత కలవరపెడుతోంది.

1963లో వాయుసేనలో చేరి, 1965, 1971 యుద్ధాల్లో పాల్గొని, 2004 చివరి రోజున దళాధిపతి అయి, 2007 మార్చిలో పదవీ విరమణ చేసిన ఆయనను 2016 డిసెంబరు 9న సీబీఐ అరెస్టు చేసింది. మన దేశంలో ఒక సైనిక దళానికి అధిపతిగా పనిచేసిన వ్యక్తి అరెస్టు కావడం అదే తొలిసారి. అదే నెల 26న బెయిలు వచ్చింది, మరుసటి ఏడాది సెప్టెంబరులో అభియోగపత్రం దాఖలైంది. 2013లో కేసు నమోదై ఇన్నేళ్లయినా దోషి అనో నిర్దోషి అనో చెప్పే తీర్పు మాత్రం లేదు.

ప్రముఖుల కోసం కొనదలచిన 12 హెలికాప్టర్లు ఎగరగలగాల్సిన ఎత్తును 6,000 మీటర్ల నుంచి 4,500 మీటర్లకు తగ్గించి అగస్టా వెస్ట్‌లాండ్ కంపెనీకి దారి చూపారని, అందుకు బంధువుల ద్వారా ముడుపులు ముట్టాయని సీబీఐ ఆరోపణ. అది తానొక్కడు తీసుకున్న నిర్ణయం కాదని త్యాగి వాదన. దాదాపు రూ.3,600 కోట్ల ఒప్పందం కుదిరింది ఆయన దిగిపోయిన మూడేళ్లకు, 2010లో. రద్దయింది 2014 జనవరి 1న. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ జాడ కోసం పగలూ రాత్రీ నల్లమల వైపు చూస్తూ కూర్చుని, మర్నాడు పావురాలగుట్ట పేరు విన్న కర్నూలు జిల్లాకు ఇలాంటి కొనుగోలులో ఒక్క అంకె మారడం చిన్న విషయంగా తోచదు. ఆ అంకెను ఎవరు మార్చమన్నారో, ఎవరు సంతకం పెట్టారో ఫైళ్లలో ఉండే సంగతే కదా!

సాక్ష్యాలు విదేశాల్లో ఉన్నందున జాప్యం తప్పదని కొందరంటారు. కావచ్చు. అదే వ్యవహారంలో ఆ కంపెనీ పెద్దలకు 2016లో శిక్ష వేసిన మిలాన్ అప్పీలు కోర్టు నుంచే 2018లో వారు నిర్దోషులన్న తీర్పూ వచ్చింది. తప్పో ఒప్పో అక్కడ తేల్చారు. ఇక్కడ తేల్చలేదు. ముడుపులు నిజమైతే దేశాన్ని అమ్ముకున్న మనిషి శిక్ష లేకుండా వృద్ధుడవుతున్నాడు. అబద్ధమైతే నాలుగు దశాబ్దాల సేవకు మనం అంటించిన మసి అలాగే ఉంది. రెండింటిలో ఏది నిజమైనా తేల్చకపోవడం నేరమే.

అనంతపురం పోలీసు శిక్షణ కళాశాల (పీటీసీ) మైదానంలో తెల్లవారకముందే చెప్పులు గట్టున విడిచి, సైన్యంలో చేరాలని చెమటోడ్చి పరుగెత్తే కుర్రాళ్లు ఒక్క సెకను ఆలస్యమైతే ఇంటికి వెళ్లాల్సిందే. దళాధిపతి కేసుకు గడువే ఉండదా? రేపు మరో కొనుగోలు ఫైలుపై సంతకం పెట్టే అధికారి దీని నుంచి నేర్చుకునేదేమిటి? నిజాయితీపరుడు కలం ముట్టడు, అక్రమార్కుడు వాయిదాలను నమ్ముకుంటాడు. ఎన్నికల సభల్లో ఈ హెలికాప్టర్‌ను పదేపదే ఎగరేసిన నేతలకు న్యాయస్థానంలో అది కదలకుండా పడి ఉండటం కనిపించలేదంటే నమ్మలేం. రోజువారీ విచారణ కోరడానికి సీబీఐకి ఉన్న అడ్డంకి ఏమిటో ప్రభుత్వం పార్లమెంటులో చెప్పాలి. అడ్డంకి లేదంటే, ఇన్నేళ్లూ ఏం చేశారో చెప్పాలి.