ఛడాఖాయి ముందు రోజు తాసిల్దారు మాయం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒడియా వాళ్ల కార్తీకం పున్నమితోనే ముగుస్తుంది. ఆ మాసం చివరి ఐదు రోజులూ కోళ్లకి స్వర్ణయుగం. ఒడియా వాళ్లు ‘పంచుక’ అంటారు. ఆ ఐదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని వాళ్ల మాట. మా తెలుగిళ్లలో కూడా పున్నమిదాకా కార్తీకం పేరుతో ఎలాగూ నీచు బంద్ కాబట్టి, వీధిలో కోళ్లు మనుషులకి దారి కూడా ఇవ్వవు. పున్నమి నాడు తెల్లారకుండానే వాళ్లు చెరువులో అరటిదొప్ప పడవలు వదులుతారు, మేం 365 వత్తులు వెలిగిస్తాం. ఆ మర్నాడు ఛడాఖాయి, అంటే నెల నిష్ఠ వదిలి మళ్లీ నీచు తినే రోజు. చీకటుండగానే మాంసం కొట్ల ముందు క్యూలు. రేటు అడిగితే కొట్టువాడు మనకేసి జాలిగా చూస్తాడు.

సరిగ్గా ఆ పున్నమి సాయంత్రమే మా అమ్మ పెట్ట కనిపించకుండా పోయింది.

దాని పేరు తాసిల్దారు. ఎవరి పెరట్లోనైనా దూరి, హద్దులు చూసి, దొరికింది తిని, సంతకం లాంటిది ఒకటి పెట్టి వస్తుందని అమ్మే ఆ పేరు పెట్టింది.

అప్పటికే దాని అవతారం అంత బాగోలేదు. ఈకలు రాల్చే కాలం. తోక ఊడింది, మెడ బోసిపోయింది, కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తున్నాయి. గుడ్డు మానేసింది. పగటి పొద్దు తగ్గితే అంతేనని, రోజుకి 14 గంటల వెలుతురు ఉంటేనే పెట్టలు బాగా గుడ్లు పెడతాయని పశువుల డాక్టరు చెప్పాడు. అమ్మ ఆయన మాట పూర్తిగా విని, ఇంటికొచ్చి ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. చలికని గూట్లో ఊక మందంగా పరిచింది. పొద్దు వాలేముందు నూకల్లో చోళ్లు కలిపి పెట్టేది. తాగడానికి గోరువెచ్చని నీళ్లు. నాన్నకి మటుకు స్నానానికి చన్నీళ్లే. ఇక గూటికి గోనెసంచులు కట్టేటప్పుడు పైన గాలి ఆడేలా సందు వదలాలి, లేకపోతే రెట్టల ఘాటు, చెమ్మ లోపలే ఉండిపోయి కోళ్లకి జబ్బు చేస్తుంది. ఆ సందు ఎంతుండాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ చెల్లెలి పెళ్లి సంబంధం మీద కూడా జరగలేదు.

ఇంత రాజభోగం వదిలి అది ఎక్కడికి పోయినట్టు? అమ్మ వీధి మొగలో నిలబడి వచ్చేపోయే వాళ్లందరినీ ఆపింది.

“బాబూ, మా తాసిల్దారు గానీ కనపడిందేటి?”

కొత్తగా అద్దెకొచ్చిన పెద్దమనిషి వాచీ చూసుకుని మరీ చెప్పాడు. “ఇవాళ కార్తీక పున్నమి కదమ్మా, ఆఫీసుకి సెలవు.”

ముంగిస పని అని నాన్న. బావురుపిల్లి అని నేను. అమ్మ అనుమానం మాత్రం రెండు కాళ్ల వాళ్ల మీదే. “నెల్లాళ్లు నోరు కట్టుకున్నోలు. తెల్లారితే ఛడాఖాయి. ఇంకేటవుతాది?”

మర్నాడు దర్యాప్తు మొదలైంది. నేరుగా అడగడానికి లేదు, రేపటినుంచీ మళ్లీ ఆ మొహాలే చూసుకోవాలి. అందుకని కరివేపాకు కావాలంటూ ఇంటింటికీ వెళ్లింది. మా పెరట్లో కరివేపాకు చెట్టు మేడ ఎత్తుంది, అది వేరే సంగతి. వెళ్లినచోటల్లా గుమ్మంలోనే ఓసారి గాలి పీల్చి, “ఏటొదినా, నాటుకోడా?” అనేది. మా ఇంట్లో ఈ ఏడు కూర వండలేదన్న వార్త అలా వీధంతా పాకింది. పాపం అనుకుని తలో గిన్నెడూ పంపించారు.

అంటే సాక్ష్యాలు నడుచుకుంటూ మా ఇంటికే వచ్చాయి. బ్రాయిలర్ ఎముక పంటికింద ఇట్టే విరుగుతుంది, నాటుపెట్టది అంత తేలిగ్గా లొంగదు. అమ్మ ఒక్కో గిన్నెలో ఒక్కో ముక్క కొరికి, “వీళ్లు కాదు” అని పక్కన పెట్టేది. మిగతా సాక్ష్యాన్ని నేను మాయం చేసేవాణ్ణి.

పిన్నిగారింటి గిన్నె దగ్గరికొచ్చేసరికి ఎముక విరగలేదు.

అమ్మ ముద్ద పళ్లెంలోనే వదిలేసి వాళ్ల పెరట్లోకి నడిచింది. పిన్నిగారు ఏమీ అడక్కుండానే ఈకల కుప్ప చూపించారు. ఎర్రగా ఉన్నాయి, సంతలో కొన్న డేగ పుంజువట. మాది తెల్లపెట్ట. “కరివేపాకుంటే రెండు రెమ్మలియ్యమ్మా” అని అమ్మ వెనక్కి వచ్చేసింది.

పొద్దు గుంకుతుండగా చివరింటి ఒడియా మావుసి వచ్చింది. కార్తీకమంతా హవిష్యం చేసి ఒంటిపూట తిన్న మనిషి, ఉల్లిపాయ కూడా ముట్టలేదు. వీధి మొత్తానికి అమ్మ అనుమానించనిది ఆ ఒక్క ఇంటినే. “మీ కుకుడా, అదే మీ కోడి, మా పొయ్యిలో ఉందమ్మా” అంది. అమ్మ ఉన్నచోటే కూలబడింది.

అది వడ్లు ఉడకబెట్టే పెద్ద పొయ్యి. ముందురోజు ఉప్పుడు బియ్యానికి వెలిగించారు, బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. తాసిల్దారు మెడదాకా అందులో కూరుకుని, ఎందుకొచ్చారన్నట్టు చూసింది. చంకనెత్తుకుని ఇంటికి తెచ్చేసరికి అమ్మ చీరంతా బూడిదే.

ఇక మిగిలింది గిన్నెల గొడవ. ఎవరి గిన్నె వాళ్లకి ఉత్తిగా తిరిగివ్వకూడదు. గుడ్లు పెట్టి ఇద్దామంటే అవి సంక్రాంతి దాటాకే. కోడి కొందామంటే ఛడాఖాయి రేటు. నాన్న ఆ రేటు విని కొట్టు దగ్గర్నుంచి ఖాళీ సంచీతో తిరిగొచ్చి, గూటి ముందు పీటేసుకుని కూర్చుని మా పుంజుకేసి చాలాసేపు చూశాడు.

ఆ రాత్రి పుంజు గూట్లోకి రాలేదు.