చాసర్ బయటపడ్డాడు, సిసిలీ సంగతేమిటి?

1380 మే నెలలో లండన్‌లో సిసిలీ షాంపేన్ అనే మహిళ, 'రాప్టస్' విషయంలో కవి జెఫ్రీ చాసర్‌పై తనకు ఇక ఏ దావా లేదని రాసిచ్చింది. ఆ లాటిన్ మాటకు అత్యాచారమనీ, ఎత్తుకుపోవడమనీ రెండర్థాలూ ఉన్నాయి. 1873లో ఆ పత్రం వెలుగు చూసింది మొదలు, ఆంగ్ల కవితా పితామహుడు అంతటి పని చేసి ఉండడని చెప్పడానికి పండితులు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. సిసిలీ గురించి ఆరా తీసినవారు మాత్రం చాలాకాలం అరుదు.

2022 అక్టోబరులో యూయన్ రోజర్, సెబాస్టియన్ సొబెక్కీ అనే పరిశోధకులు కొత్త పత్రాలు బయటపెట్టారు. సిసిలీ పాత యజమాని థామస్ స్టాండన్, ఆమెనూ చాసర్‌నూ కలిపి కోర్టుకీడ్చాడని వాటి సారాంశం. గడువు తీరకముందే తన కొలువు మాని ఆమె చాసర్ దగ్గర చేరిందన్నది అతడి ఫిర్యాదు. అంటే సిసిలీ, చాసర్ ప్రత్యర్థులు కారు, ఒకే దావాలో ప్రతివాదులు; 'రాప్టస్' అన్న మాట ఆమె కొలువు మారడం గురించే కావచ్చు.

ఇంకేముంది, స్త్రీవాదులు ఇన్నాళ్లూ మహాకవి మీద బురద చల్లారని కొందరు వ్యాఖ్యాతలు చంకలు గుద్దుకున్నారు. ఆ సంబరం మాకు తొందరపాటుగా తోస్తోంది. 1980ల నడుమ అమెరికాలో ఒక చిన్న వార్తాలేఖతో కూడగట్టుకున్న మధ్యయుగ స్త్రీవాద పరిశోధకులు, ఏటా మే నెలలో అమెరికాలోని కలమజూ ఊళ్లో జరిగే మధ్యయుగ అధ్యయన సదస్సులో కలుసుకుంటూ పెంచుకున్న చదువు ఒక్క కేసు మీద నిలబడింది కాదు. కోర్టు దస్తావేజులు, వీలునామాలు, మఠాల లెక్కలు తిరగేసి, పేరైనా మిగలని స్త్రీల బతుకులను వారు కూర్చారు.

కొత్త పత్రాలు అచ్చయిన పత్రిక సంచికలోనే సారా బేచెల్, కరిస్సా హారిస్, సమాంత కట్జ్ సీల్ అనే స్త్రీవాద పరిశోధకులు స్పందనలు రాశారు. పత్రాలను వారు తోసిపుచ్చలేదు. చర్చను పనిమనిషి వైపు తిప్పారు. ప్లేగు మహమ్మారి తర్వాత 1349లో ఇంగ్లండులో వచ్చిన శాసనం ప్రకారం, భూమీ చేతివృత్తీ లేని 60 ఏళ్లలోపు వారు, ఆడైనా మగైనా, పిలిచినవారి దగ్గర కొలువు చేయాల్సిందే. మధ్యలో మానేస్తే జైలు. అలాంటి చట్టం నీడలో, యజమాని ఇంట్లోనే పడుకునే ఒంటరి ఆడమనిషికి 'కాదు' అనే వీలెంత? చాసర్ నిర్దోషి అయినంత మాత్రాన ఆ ప్రశ్న కొట్టివేతకు గురికాదు.

మన విశ్వవిద్యాలయాల ఎం.ఏ. ఇంగ్లిషు తరగతుల్లో చాసర్ పాఠం ఇప్పటికీ ఉంది. కవి జీవితం చెప్పేటప్పుడు స్టాండన్ దావాతో పాటు ఆ ముగ్గురి వ్యాసాలనూ విద్యార్థుల చేతికివ్వాలి.