ఏడో నంబరు పేపర్లో ఏముంది?

ఇంజినీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మీ రిఫరెన్సుల్లో ఏడో నంబరు పేపర్లో ఏముంది?" రిఫరెన్సులంటే చదివి ఆధారం చేసుకున్నామని రిపోర్టు చివర్లో చూపించే పరిశోధన వ్యాసాల జాబితా. ఏడుకు ప్రత్యేకతేమీ లేదు. మొదటి రెండూ బేస్ పేపర్లు, అంటే ప్రాజెక్టుకు పునాదిగా తీసుకున్నవి కాబట్టి ఎంతో కొంత చూసుకుని వస్తారు, ఏడు దాకా ఎవరూ పోరు. మొన్న ఒక బ్యాచ్‌లో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడే ల్యాప్‌టాప్‌లో వెతకమన్నాను. వాళ్ల లిస్టులో టైటిల్ ఉంది, రచయితల పేర్లున్నాయి, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ ఉన్నాయి. పేపరే లేదు. "చాట్‌జీపీటీ ఇచ్చింది సార్" అంది ఒకమ్మాయి, దాపరికం లేకుండా.

ఏఐ వచ్చి పిల్లల్ని చెడగొట్టిందని ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో అందరం అనుకున్నాం. నిజానికి జబ్బు పాతదే. మన దగ్గర రిపోర్టు ముందు తయారవుతుంది, రిఫరెన్సులు తర్వాత వస్తాయి. పెళ్లయ్యాక జాతకాలు చూపించుకున్నట్టు. కోడ్ అమీర్‌పేటలో దొరుకుతుంది, లిటరేచర్ సర్వే సీనియర్ల రిపోర్టులో దొరుకుతుంది. కనీసం పదిహేను రిఫరెన్సులు ఉండాలని చెప్పేది మేమే. స్పైరల్ బైండింగ్‌కు పోయే ముందు రాత్రి ఆ పదిహేనూ పుడతాయి.

కష్టపడి వెతికేవాళ్లూ ఉన్నారు. ప్రాజెక్టు టైటిల్ మొత్తాన్ని గూగుల్‌లో పేస్ట్ చేస్తారు, మొదటి పేజీలో ఉచితంగా దొరికిన పీడీఎఫ్‌ను దించుకుంటారు. రెండు కాలమ్‌లు, పైన 'ఇంటర్నేషనల్ జర్నల్' అని పేరు, పక్కన ఐఎస్‌ఎస్‌ఎన్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇంకేం కావాలి? ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే పత్రికను గుర్తుపట్టే నంబరు మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టరంటారా, పత్రికలోని పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పాల్సిన అంకె అది, పత్రికవాళ్లు తమకు తామే వేసుకున్నవి కూడా చాలా ఉంటాయి.

ఇది మన పిల్లల తెలివితక్కువతనం కాదు. 2017లో వెలువడిన అధ్యయనంలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 45 మందిని కూర్చోబెట్టి వెబ్‌సైట్లను అంచనా వేయమన్నారు: పది మంది చరిత్రకారులు, పది మంది ఫ్యాక్ట్ చెకర్లు, పాతిక మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. విద్యార్థులే కాదు, చరిత్రకారుల్లోనూ చాలామంది లోగో, డొమైన్ పేరు చూసి బోల్తా పడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీని ఒకసారి పైపైన చూసి, వెంటనే కొత్త ట్యాబ్ తెరిచి ఆ సైటు ఎవరిదో బయట విచారించారు. సంబంధం వచ్చినప్పుడు మనం చేసేదీ అదే కదా. పెళ్లికొడుకు గురించి పెళ్లికొడుకునే అడగం, వీధిలో వాకబు చేస్తాం.

వాకబు చేయకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలియాలి. ఇక్కడి నుంచి వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ పీర్ రివ్యూ (అచ్చుకు ముందు నిపుణుల పరిశీలన) గురించి, ఫీజుల గురించి రచయితల్ని తప్పుదోవ పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెక్కింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఇక మన యూజీసీ నడిపిన కేర్ జాబితా, అంటే నమ్మదగ్గ పత్రికల పట్టిక, ఆచార్యులకైనా ఒక ఆసరాగా ఉండేది. దాన్నీ 2025 ఫిబ్రవరిలో ఆపేసి, పత్రికల మంచిచెడ్డలు మీరే చూసుకోండని విద్యాసంస్థలకు వదిలేశారు.

మంచి పేపర్లు అందుతాయా అంటే, అదీ కాలేజీని బట్టే. విద్యాసంస్థలకు పరిశోధన పత్రికలు అందించే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద 2025 నుంచి మూడేళ్లకు కేంద్రం రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. కానీ మొదలుపెట్టింది ప్రభుత్వ సంస్థలతో. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేటు కాలేజీల్లో. వాళ్లకు మంచి పేపర్ మీద క్లిక్ చేస్తే డాలర్లలో రేటు కనిపిస్తుంది, చెత్త మాత్రం ఫ్రీ. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో చాలా పేపర్ల కింద చిన్న అక్షరాల్లో 'ఆల్ వెర్షన్స్' అని ఉంటుంది. అది నొక్కితే చాలాసార్లు రచయితలే పెట్టిన ఉచిత కాపీ దొరుకుతుంది. నాలుగేళ్లు చదివినా ఈ ముక్క తెలియని వాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు.

మేం నేర్పింది ఒకటుంది: ప్లేజియరిజం పర్సంటేజీ, అంటే ఇతరుల రాతలతో మన రిపోర్టు ఎంత శాతం కలుస్తుందో ఆ అంకె, తగ్గించడం. పదాలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పర్సంటేజీ దిగుతుంది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అవుతుంది, బ్రెస్ట్ క్యాన్సర్ 'బోసమ్ పెరిల్' అవుతుంది. నవ్వకండి, అచ్చయిన పేపర్లలోనే ఇలాంటి మాటలు దొరికాయని 2021లో ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబానక్ బృందం బయటపెట్టింది. వాటిని మన పిల్లలు మళ్లీ రిఫర్ చేస్తారు.

గత ఏడాది నుంచి నా బ్యాచ్‌లకు పదిహేను వద్దన్నాను. చదివిన పేపర్లు నాలుగు చాలు, దాంతో పాటు చూసి పక్కన పెట్టేసిన పేపర్ ఒకటి, ఎందుకు పెట్టేశారో అర పేజీ. ఆ అర పేజీలే ఇప్పుడు నేను ఇష్టంగా చదివేది. మొదటి ఏడాదే ఒక కుర్రాడు పక్కన పెట్టిన పేపర్ పేరు చూసి ఆగిపోయాను. అతనికి బేస్ పేపర్‌గా నేనిచ్చిందే. దాన్ని పత్రికవాళ్లు ఎప్పుడో ఉపసంహరించుకున్నారట. డౌన్‌లోడ్ చేసిన పాత పీడీఎఫ్ నా డెస్క్‌టాప్ మీద అలాగే ఉంది, మూడు బ్యాచ్‌లకు ఇచ్చాను.