రేవు లేని ఊళ్లకు విహార నౌక దేనికి?

మన సంఘం గత సమావేశంలో ఒక మిత్రుడు ఒక ప్రతిపాదన పెట్టారు. భీమిలి నుంచి బారువ దాకా తీరం వెంబడి విహార నౌక నడిపి, దారిలో చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు వంటి ఊళ్లలో ఆపితే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు బాగుపడతాయని, అందుకు తలా కొంత వేసుకుందామని ఆయన కోరారు. అమెరికాలో అటువంటి ప్రయాణం చేసినవాడిని, పైగా కళింగపట్నం పక్క పల్లెవాడిని కాబట్టి నేను బలపరుస్తానని అందరూ అనుకున్నారు. ఆ రెండు కారణాల వల్లే నేను బలపరచలేకపోతున్నాను.

రెండేళ్ల కిందట అక్టోబరులో ఒక సహోద్యోగి పడవలో వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి ఉత్తర కరోలినాలోని బ్యూఫోర్ట్ దాకా ఇంట్రాకోస్టల్ వాటర్‌వే మీదుగా వెళ్లాం. ఫ్లోరిడా దాకా సాగే ఆ జలమార్గంలో చాలా భాగం నడిసముద్రం కాదు. సముద్రానికీ నేలకూ మధ్య వరుసగా ఉన్న ఇసుక దీవుల చాటున నదులను, ఉప్పుటేళ్లను, తవ్విన కాలువలను కలుపుకొంటూ పోయే దారి అది. బయట అట్లాంటిక్ ఎంత పోటు మీద ఉన్నా లోపల చిన్న పడవ నిదానంగా సాగిపోతుంది. మేము దాటిన డిస్మల్ స్వాంప్ కాలువ పొడవు 22 మైళ్లు. 1793లో తవ్వకం మొదలై 1805లో పడవలకు తెరుచుకున్న ఆ కాలువను తవ్వినవారిలో ఎక్కువమంది నల్లజాతి బానిసలు. తేనీటి రంగులో ఉన్న ఆ నీళ్ల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నంతసేపూ ఆ సంగతి నన్ను వదలలేదు.

కాలువ దాటాక వచ్చే ఎలిజబెత్ సిటీలో ఊరి రేవున పడవ కట్టుకోవడానికి డబ్బు తీసుకోరు. వచ్చిన పడవవాళ్ల చేతికి గులాబీ పువ్వు ఇచ్చి పలకరించే ఆచారాన్ని 1983లో ఇద్దరు పెద్దమనుషులు అక్కడ మొదలుపెట్టారు. మేము దిగి, నడిచి వెళ్లి, సరుకులు కొనుక్కున్నాం, బట్టలు ఉతుక్కున్నాం, రెండు పూటలు భోంచేశాం. మా వల్ల ఆ ఊరికి చేరిన ప్రతి డాలరూ ఆ కొయ్య రేవు మీదుగానే చేరింది.

మన తీరానికి అటువంటి చాటు లేదు. అలలు నేరుగా ఇసుక మీద విరిగిపడే తీరం మనది. కళింగపట్నం, బారువ పేరున్న రేవులుగా వెలిగిన రోజుల్లో కూడా ఓడలు ఒడ్డుకు రాలేదు. అవి దూరాన లంగరు వేసుకుని ఉంటే, మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు, అల తాకినప్పుడల్లా వంగుతూ, విరగకుండా సరుకు చేరవేసేవి. రైలు వచ్చి, ఆ తరువాత 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఆ పని అడుగంటింది. మా తాతగారు చివరిదాకా రేవు అనే అన్నారు, మా పిల్లలు బీచ్ అంటారు.

పోనీ ఏట్లోకి పోదామంటే మొగ దగ్గర ఇసుక అడ్డం. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా తాకుతూ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. వరద ఉన్నన్నాళ్లు ఏరు ఆ ఇసుకను కోసుకుంటూ పోతుంది, వరద తీశాక మేట వేసి మొగ ఇరుకవుతుంది. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార నీరు పొలాలకు మళ్లాక వేసవిలో కోసే బలం ఇంకా తగ్గింది. అమెరికాలో మేటలు లేవని కాదు, అక్కడ సైన్యపు ఇంజనీరింగ్ విభాగం ఎప్పటికప్పుడు తవ్విస్తూ ఉంటుంది. మన మిత్రుని ప్రతిపాదనలో నౌక ఖరీదు ఉంది గానీ తవ్వకం ఖర్చు లేదు.

రేవు అవసరం ముందుగా ఎవరికి ఉందో తెల్లవారుజామున ఏ పాలెం ఒడ్డున నిలబడినా తెలుస్తుంది. అల వెనుక అలను లెక్కపెట్టుకుని ఫైబర్ బోటును ఒడ్డెక్కించి, పదిమంది చేరి ఇసుక మీదకు లాగుతారు. అంతకన్నా పెద్ద బోటుకు అక్కడ చోటు లేదు కాబట్టి ఆ పని కావలసినవారు విశాఖకో, గుజరాత్‌లోని వేరావల్‌కో వలస పోతారు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు పెద్ద ఓడలది, చిన్న బోటు కష్టం దానితో తీరదు.

నౌక వద్దంటే పడవ ప్రయాణమే వద్దని కాదు. కళింగపట్నం నుంచి వంశధారలో ఎగువకు పోతే దక్షిణ గట్టున శాలిహుండం కొండ వస్తుంది. పైన బౌద్ధ స్తూపాల మధ్య నిలబడి చూస్తే ఏరు సముద్రం వైపు సాగడం కనిపిస్తుంది. బౌద్ధ భిక్షువులు ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారో కారులో వచ్చినవారికన్నా ఏటి మీద వచ్చినవారికి త్వరగా బోధపడుతుంది. భావనపాడు ఉప్పుటేటి వైపు నౌపడా ఉప్పు మడులు, ఆ దాపునే తేలినీలాపురం చెట్ల మీద చలికాలపు గూడబాతులు ఉన్నాయి. విజయనగరం వైపు చంపావతి సముద్రంలో కలిసే కోనాడ ఉంది. ఇవి పూటలో ముగిసే ప్రయాణాలు, వీటికి స్థానికుల చిన్న బోట్లే చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగే 61 రోజుల్లో వారికి కొంత పని కూడా దొరుకుతుంది, ఆ ఎండకు ఎవరు వస్తారన్నది వేరే ప్రశ్న. అయితే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన సంగతి మనకు గుర్తుండాలి. లైఫ్ జాకెట్టు తొడగనిదే కదలని బోటుకు మాత్రమే మన సాయం అందాలి.

ఇందుకు కావలసినవి గట్టు నుంచి నీళ్లలోకి దిగే గట్టి మెట్లు, పడవ కట్టుకునే గుంజలు. మనవాళ్లకు ఆర్చీలు కట్టించి పేర్లు చెక్కించడం మీద ఉన్న మోజు మెట్ల మీద ఉండదని నాకు తెలుసు, మెట్టు మీద చెక్కిన పేరుకు ఒక్క వరదతో నాచు పడుతుంది. సంక్రాంతికి ఊరు వెళుతున్నాను. మెట్లు ఏ గట్టున, ఎంత లోతు దాకా కావాలో బోట్లు నడిపేవారినే అడిగి, వచ్చాక లెక్క చెబుతాను. అంతవరకు నా వాటాను నౌక పద్దులో వేయవద్దని కార్యవర్గానికి మనవి.